విమానం కట్టే కంపెనీయే పక్కవాళ్ళకి పార్టులు చేసిపెట్టడం సబబేనా?

గుంటూరు_మెకానికల్:
హైదరాబాద్‌లో టాటా, బోయింగ్ కలిసి అపాచీ హెలికాప్టర్ల బాడీలు చేస్తున్నాయి. అదే టాటా వడోదరలో ఎయిర్‌బస్ వాళ్ళ సి-295 విమానాలు బిగించే ప్లాంటు పెట్టింది, 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. బోయింగ్‌కీ ఎయిర్‌బస్‌కీ ఒకరంటే ఒకరికి పడదు. ఇలా రెండు పడవల మీద కాళ్ళు పెడితే ఒకరి గుట్టు ఇంకొకరికి చేరదా? నన్నడిగితే విమానం చేసేవాడు విమానమే చేయాలి, పార్టులవాడు పార్టులే చేయాలి.

ఆటోనగర్_లేత్:
తమ్ముడూ, ఓసారి బెజవాడ ఆటోనగర్ వచ్చి చూడు. లారీ బాడీ కట్టేవాడే పక్క షెడ్డుకి డోర్లు చేసిస్తాడు. జాబ్ వర్కులో డ్రాయింగు పార్టీది, మనకొచ్చేది కూలి. ఆ కూలి కూడా దక్కదు ఒక్కోసారి. నాలుగేళ్ళ కిందట ఓ పార్టీ రెండొందల బుష్‌లు రిజెక్టని తిప్పి పంపింది. తీరా చూస్తే వాళ్ళ డ్రాయింగులోనే కొలత తప్పు. డబ్బులు ఇప్పటికీ రాలా. అది వేరే గోలలే. గుట్టంటావా, డ్రాయింగు చూసి పార్టు చేయొచ్చు. దానికి ఆ మందం ఎందుకు పెట్టారో అందులో ఉండదు.

పటమట_రిటైర్డ్:
లేత్ గారూ, అసలు సంగతి అదేనండి. మిత్సుబిషీని చూడండి. బోయింగ్ 787కి కార్బన్ ఫైబర్ రెక్కలు చేసేది వాళ్ళే. ఆ ధీమాతో సొంత ప్యాసింజర్ జెట్ మొదలుపెట్టి 2015 నవంబర్‌లో ఎగరేశారు. 2023 ఫిబ్రవరిలో మూసేశారు. రెక్క చేయడం రాక కాదు. విమానం మొత్తం భద్రమని సర్టిఫికెట్ తెచ్చుకోవడం దగ్గర చిక్కుపడ్డారు. మధ్యలో వైరింగు, ఎలక్ట్రానిక్ పెట్టెల అమరిక మార్చాల్సొచ్చి ఏళ్ళు గడిచాయి. 787 రెక్కల పని మాత్రం ఆగలేదు.

గుంటూరు_మెకానికల్:
సరేనండి, గుట్టు మాట వెనక్కి తీసుకుంటా. మరి స్పిరిట్ సంగతి? బోయింగ్ 2005లో అమెరికాలోని తన విచిటా ఫ్యాక్టరీని అమ్మేస్తే అది స్పిరిట్ ఏరోసిస్టమ్స్ అయింది. బోయింగ్‌కి 737 బాడీలు చేస్తూనే ఎయిర్‌బస్ పనీ పట్టింది. 2024 జనవరిలో అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 గాల్లో ఉండగా తలుపు చోట బిగించిన ప్యానెల్ ఊడిపోయింది. చివరికి 2025లో బోయింగ్ ఆ కంపెనీని తిరిగి కొనేసింది. ఎయిర్‌బస్ ఊరుకుందా? ఎ350 బాడీ, ఎ220 రెక్కల పనులు తన చేతిలోకి తెచ్చుకుంది. భయం లేకపోతే ఎందుకంట?

ఆటోనగర్_లేత్:
భయమే, కాదన్నదెవరు? గుట్టు గురించి కాదు, సరుకు గురించి. నా బండికి రెక్క నా పోటీవాడి షెడ్డులో తయారవుతుంటే నాకు రాత్రి నిద్ర పడుతుందా?

పటమట_రిటైర్డ్:
ఆ ప్యానెల్ గురించి ఒక్క మాట. పాడైన రివెట్లతో బాడీ వచ్చింది విచిటా నుంచే. వాటిని బాగుచేయడానికి రెంటన్‌లో బోయింగ్ ఫ్యాక్టరీలో ప్యానెల్ తెరిచారు. మళ్ళీ మూసినప్పుడు నాలుగు బోల్టులూ పెట్టలేదు. తప్పు ఎటు తోస్తారు? ఇక మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ ఎయిర్‌బస్ ఎ320 తలుపులు చేసి అమ్ముతుంది, తన తేజస్ యుద్ధ విమానానికి మధ్య బాడీ హైదరాబాద్‌లోని వెమ్ అనే కంపెనీ దగ్గర కొంటుంది. మీ రూలు పెడితే ఆ రెండు పనులూ ఆపాలి బాబూ.

గుంటూరు_మెకానికల్:
ఎ320కి పోటీగా హెచ్ఏఎల్ ఏ విమానం చేస్తోందండీ? తలుపులు అమ్ముకోనివ్వండి. పోటీవాడి రెక్కలు పోటీవాడే చేయకూడదన్న దగ్గర మాత్రం నేను తగ్గను.

ఆటోనగర్_లేత్:
అక్కడివరకైతే నేనూ నీతోనే.