గుడ్లగూబ కూజా: ‘అవలోకతే’నా, ‘విలోకతే’నా?

కూజాప్రియ: విక్టోరియా రాణి కాలం నాటి మజోలికా కూజాల మీద, అంటే రంగుల గ్లేజు (గాజులా మెరిసే పూత) వేసిన మట్టి కూజాల మీద, ఒక పత్రికకు వ్యాసం రాస్తున్నాను. గుడ్లగూబ ఆకారంలో చేసినవే ఎక్కువ ఇష్టం. ఒంటినిండా గోధుమరంగు ఈకలు, మిటకరించిన పసుపు గుడ్లు. వ్యాసం నెత్తిన భర్తృహరి పాదం ఒకటి పెడదామని ఉంది. పగటిపూట ఉలూకం, అంటే గుడ్లగూబ, చూడలేకపోతే సూర్యుడి తప్పేమిటి అనేది. ‘యది దివా సూర్యస్య కిం దూషణమ్’ వరకు ఖాయం. దానికి ముందు ‘నోలూకోఽప్యవలోకతే’ అని ఒక చెవిలో, ‘నోలూకోఽపి విలోకతే’ అని రెండో చెవిలో. ఏది సరి?

శార్దూలం: అవలోకతే. ఇందులో చర్చ ఏముంది?

అరసున్న: ఉంది మాస్టారు. ‘నోలూకో’తో మగణం అయిపోయింది. తర్వాతి సగణానికి ‘ప్యవలో’ అన్నా ‘పివిలో’ అన్నా రెండు లఘువులు, ఒక గురువే. ఛందస్సు ఎటూ తీర్పు చెప్పదు.

శార్దూలం: గణాలు మాకూ వచ్చు. అర్థం చూడండి. ‘అవ’లో కిందికి చూడడం ఉంది. చెట్టు మీది పక్షికి అదే తగినది.

అరసున్న: చూడనిది సూర్యుణ్ణి. ఆయన కింద ఉన్నాడా?

పైడికంటి: ఉపసర్గ ఏదైతేనేం, కవి కన్ను ‘లూకో–లోక’ మీద ఉంది. ఉలూకం బదులు దివాంధం తెచ్చి చూడండి, ఆ మోత పోతుంది. అయినా పాపం ఆ పక్షి పగలు గుడ్డిదేమీ కాదు, శుభ్రంగా చూస్తుంది. కవులు వేసిన అపవాదు.

పాతబజారు: మీరు ఉలూకం దగ్గరే ఆగిపోయారు. ప్రశ్నలోనే ఒక అక్షరం తేడాగా ఉంది. మజోలికా కాదు, మయోలికా. ఇటలీవాళ్ల మాట.

కూజాప్రియ: రెండూ ఉన్నాయండి, రెండు వస్తువులకు. ఇటలీ మయోలికా అంటే తగరం కలిపిన తెల్లటి గ్లేజు. అడుగున మట్టి కనబడదు, ఆ తెలుపు మీద బొమ్మలు వేస్తారు. నేను రాస్తున్నది ఇంగ్లండులో మింటన్ కంపెనీ 1851 లండన్ మహాప్రదర్శనలో పెట్టిన రకం. లెయోన్ ఆర్నూ అనే ఫ్రెంచి నిపుణుడు తయారుచేసిన సీసపు గ్లేజులు. రాగితో ఆకుపచ్చ, కోబాల్టుతో నీలం, మాంగనీసుతో గోధుమ. అచ్చులో దిగిన ఈకల గాళ్లలో గ్లేజు చిక్కగా నిలిచి ముదురు రంగు వస్తుంది, గట్ల మీద పలచబడుతుంది. అందుకే ఆ పద్ధతికి గుడ్లగూబ అంతగా కుదిరింది. చిత్రమేమిటంటే మింటన్‌వాళ్లు వీటిని మొదట, పాలిసీ అనే పాతకాలపు ఫ్రెంచి కుమ్మరి పేరిట, పాలిసీ పాత్రలన్నారు. తగరపు రకానికే మజోలికా పేరు. జనం రెండూ కలిపేసి అన్నిటినీ మజోలికా అన్నారు.

పాతబజారు: జనం కలిపితే అక్షరం మారుతుందా? ఇటలీ మహాకవి డాంటేని చూడండి. ఆయన కావ్యంలో ‘నరకం’ భాగం, 28వ సర్గ: ‘ట్రా లిసోలా ది చిప్రి ఎ ది మయోలికా’. కట్టోలికా, మయోలికా, ఆర్గోలికా అని ప్రాస. ఇంకేం కావాలి?

అరసున్న: అది అంత్యప్రాస. తేలేది ‘ఓలికా’ ఒక్కటే. మీ వివాదం రెండో అక్షరంలో ఉంది. డాంటే మన కవి అయ్యుంటే ప్రాసస్థానంలో య ఉందో జ ఉందో నాలుగు పాదాల్లోనూ చెప్పి ఉండేవాడు! పాత ఇటాలియన్ రాతలో ఐ, జె ఒకే అక్షరానికి రెండు రూపాలు. ఆ జె చూసి ఇంగ్లీషువాళ్లు జ పలికారు, అంతే.

పాతబజారు: అంటే య అని ఒప్పుకున్నట్టే కదా.

అరసున్న: ఇటలీలో.

పైడికంటి: డాంటే పాదంలో మయోలికా అంటే పాత్ర కాదండి, మయోర్కా ద్వీపం. స్పెయిన్ మెరుపు పాత్రలు ఆ దారిన ఇటలీకి వచ్చాయని వాటికి ఆ పేరు అంటారు. సైప్రస్ నుంచి మయోర్కా దాకా, మనం ఆసేతుహిమాచలం అన్నట్టు, మొత్తం మధ్యధరా సముద్రంలో సముద్రదేవుడు నెప్ట్యూన్ ఇంతటి పాపం చూడలేదంటాడు డాంటే. ఇద్దరు పెద్దమనుషులను మోసంతో సముద్రంలో ముంచిన కథ. ఒక్క పాదంలో సముద్రమంతా పరిచాడు! ఆ సర్గలోనే బెర్ట్రాన్ ద బోర్న్ అనే కవి తెగిన తన తలను లాంతరులా చేత్తో పట్టుకుని వస్తాడు.

కూజాప్రియ: తల అంటే గుర్తొచ్చింది. 16వ శతాబ్దంలో ఆల్ప్స్ ప్రాంతంలో తగరపు గ్లేజుతో గుడ్లగూబ పాత్రలు చేశారు. తల ఊడదీస్తే అదే తాగే గిన్నె. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో 1700 ప్రాంతపు గుడ్లగూబ కూజా కూడా అలాంటిదే. 1990లో ఒక టీవీ కార్యక్రమంలో బయటపడి, ఇప్పుడు స్టోక్ మ్యూజియంలో ఉంది.

పాతబజారు: అది మజోలికా కాదు. పలచని రంగుమట్టి పూసి అలంకరించిన పాత్ర.

కూజాప్రియ: మీరే మజోలికా అన్నారు!

శార్దూలం: ‘విలోకతే’ అని ఏ ప్రతిలో ఉందో అరసున్నగారు ఇంకా చెప్పలేదు.

అరసున్న: వెతుకుతున్నాను మాస్టారు. ఈలోగా ఒకటి: ఉత్పలమాల ఎత్తుగడలో మయోలికా అన్న మాట ఏ అక్షరంతోనూ పట్టదు. మొదటి అక్షరమే లఘువు. పంచచామరం రాసుకోండి.