సివిల్ ఇంజనీరుకు తొలి ఉద్యోగం: సైటులోనా, డిజైన్ ఆఫీసులోనా?

చివరి ఏడాది విద్యార్థి:
నేను సివిల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంచుమించు ఒకే జీతానికి రెండు చోట్ల నుంచి పిలుపు వచ్చింది. ఒకటి భవనాలకు స్ట్రక్చరల్ డిజైన్ చేసే ఆఫీసు, రెండవది వంతెన కడుతున్న సైటు. సైటులో రెండు మూడేళ్లు గడిపితే లెక్కలు మరచిపోయి మళ్లీ డిజైన్ వైపు రాలేమని సీనియర్లు కొందరు భయపెడుతున్నారు. ఈ దారిలో నడిచినవారు తమ అనుభవం చెప్పగలరా?

సైటు ఇంజనీరు:
పదకొండేళ్లుగా సైటులోనే ఉన్నాను కనుక నా మాటలో కొంత పక్షపాతం ఉంటుందని ముందే ఒప్పుకుంటున్నాను. నీరు, సిమెంటు నిష్పత్తి గురించి పరీక్షల్లో పేజీలు నింపిన నాకు దాని అర్థం తెలిసింది మొదటి స్లాబు రోజున. కాంక్రీటు బిగుసుకుపోతోందని, పోయడానికి జారుగా ఉండాలని మేస్త్రీ మిక్సర్ లారీలోకి గొట్టంతో నీళ్లు వదలమన్నాడు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడు కదా అని నేను నోరు మెదపలేదు. కాంక్రీటు ఎంత జారుగా ఉందో కొలిచే 300 మిల్లీమీటర్ల స్లంప్ కోన్ నింపి పైకి ఎత్తగానే, కుదురుగా కాస్త దిగవలసిన కాంక్రీటు పలక మీద బురదలా పరుచుకుంది. బలం పరీక్షకని ఆ లారీ కాంక్రీటుతో పోసిన 150 మిల్లీమీటర్ల క్యూబులు 28వ రోజు పరీక్షలో రావలసిన బలానికి చాలా దూరంలోనే పగిలిపోయాయి, ఆ భాగాన్ని కొట్టేసి మళ్లీ పోయవలసి వచ్చింది. సిమెంటుతో కలవగా మిగిలిన నీరు ఆరిపోయి లోపల ఖాళీలు వదులుతుందన్నది పుస్తకంలో ఉన్నదే. పదిమంది ముందు ఆ మాట చెప్పి లారీని వెనక్కి పంపే ధైర్యం మాత్రం సైటే నేర్పింది.

డిజైన్ ఇంజనీరు:
పైవారితో సగమే ఏకీభవిస్తాను. నేను నేరుగా డిజైన్‌లో చేరాను, అందుకు చింత లేదు; బరువు కప్పు నుంచి పునాదికి ఏ దారిన దిగుతుందో చూడగానే పసిగట్టే అలవాటు, తొలి ఏళ్లలో రోజూ చేతిలెక్కలు చేస్తేనే అబ్బుతుంది. అయితే నా మొదటి తప్పు దొరికింది సైటులోనే. నాలుగు వైపుల నుంచి దూలాలు వచ్చి స్తంభంలో కలిసే చోట 25 మిల్లీమీటర్ల కడ్డీలు ఎన్ని వేశానంటే, కాంక్రీటును కుదిపి సర్దే వైబ్రేటర్ దూరే సందు కూడా మిగలలేదు. డ్రాయింగులో కడ్డీ ఒక గీత మాత్రమే, గీతకు లావు ఉండదు కదా!

1981లో అమెరికాలోని కాన్సస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్ నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. పైకప్పు నుంచి రెండు వంతెనలనూ మోస్తూ ఏకంగా దిగవలసిన కడ్డీని, బిగించడం సులువవుతుందని రెండుగా విడగొట్టారు. దాంతో కింది వంతెన పై వంతెనకే వేలాడి, పై వంతెన దూలం కింది నట్టు మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పును లెక్కతో సరిచూడని డిజైన్ ఇంజనీర్లు లైసెన్సులు పోగొట్టుకున్నారు. డిజైనుకూ సైటుకూ నడుమ గోడ కట్టుకున్నవారికి ఇంతకంటే పెద్ద హెచ్చరిక నాకు తెలియదు.

బిల్లింగ్ ఇంజనీరు:
మూడవ దారి కూడా ఉందని గుర్తుచేస్తున్నాను: సరుకు, పని కొలిచి బిల్లులు సరిచూసే నా పని. కడ్డీ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని, దాని వర్గాన్ని 162తో భాగిస్తే మీటరు బరువు కిలోలలో వస్తుంది. 16 మిల్లీమీటర్ల కడ్డీకి 1.58. లారీ తూకం చీటీకీ, దిగిన కడ్డీల లెక్కకూ పొంతన కుదరనప్పుడు నన్ను కాపాడింది ఈ ఒక్క సూత్రమే.

చివరి ఏడాది విద్యార్థి:
అందరికీ కృతజ్ఞతలు. వంతెన సైటు వైపే మనసు మొగ్గుతోంది కానీ, అక్కడ ఉంటూ లెక్కలు మరచిపోకుండా ఉండటం నిజంగా సాధ్యమేనా?

సైటు ఇంజనీరు:
సాధ్యమే, కానీ దానంతట అది జరగదు. పొద్దుపోయేదాకా పని ఉన్న రోజుల్లో పుస్తకం తెరవాలనిపించదు. నేను పట్టుకున్న ఉపాయం, ప్రతి స్లాబుకు ముందు సెంట్రింగు కింద నిలిపే ఆసరాల లెక్క స్వయంగా చేసుకోవడం. 150 మిల్లీమీటర్ల స్లాబంటే చదరపు మీటరుకు సుమారు 370 కిలోల తడి కాంక్రీటు, దానిపై మనుషులు, పనిముట్లు అదనం. మొదటిసారి నా లెక్కకూ, మేస్త్రీ అలవాటుగా నిలిపిన ఆసరాలకూ రెండే తేడా వచ్చింది. ఎక్కువ పెట్టింది ఆయనే.