విమానం కూలిందా, కూల్చారా?

అందరికీ నమస్కారం. మొన్న మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు కోసం ఎంహెచ్17 గురించి రాసుకుంది: "2014 జులై 17న తూర్పు ఉక్రెయిన్‌లో మలేసియా విమానం కూలి 298 మంది చనిపోయారు." వాక్యంలో వ్యాకరణ దోషమేమీ లేదు. అయినా నాకు మనసొప్పలేదు. పాత గోడ కూలుతుంది, గాలివానకి చెట్టు కూలుతుంది. ఆ విమానాన్ని నేల మీంచి వదిలే "బుక్" రకం క్షిపణితో కూల్చారు.

కాలు-కాల్చు, పేలు-పేల్చు, రాలు-రాల్చు. ఒక్క చ-వత్తు చేరగానే "ఎవరు?" అని అడగాల్సి వస్తుంది. "కూలింది" లాంటి అకర్మక క్రియతో సరిపెట్టుకుంటే ఆ ప్రశ్నే పుట్టదు. నా బాధంతా అదే.

వ్యాఖ్య: కర్త తెలియనప్పుడు ఏం చేయాలండీ? వార్త వచ్చిన గంటలోనే ఫలానా వాళ్లు కూల్చారని రాసేస్తే అదీ అన్యాయమే కదా. "కూల్చివేయబడింది" అంటే సరిపోదా?

జవాబు: మొదటి రోజుకి మీ మాట నిజమేనండీ. "కూలింది" అనే రాద్దాం. కానీ తెలిశాక మార్చాలి కదా! 2020 జనవరి 8న టెహ్రాన్ దగ్గర ఉక్రెయిన్ విమానంలో 176 మంది పోయారు. సాంకేతిక లోపంతో కూలిందని ఇరాన్ అధికారులు మొదట చెప్పారు. మూడు రోజులకి తమ క్షిపణే పొరపాటున కూల్చిందని ఒప్పుకున్నారు. ఆ రెండు మాటల మధ్య తేడా చ-వత్తే.

ఎంహెచ్17 సంగతి ఇంకా చిక్కు. ఆ క్షిపణిని వదిలిన లాంచరు రష్యా సైన్యపు 53వ బ్రిగేడుదని అంతర్జాతీయ దర్యాప్తు బృందం 2018లో తేల్చింది. 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురికి వాళ్లు హాజరు కాకుండానే జీవిత ఖైదు వేసి, నాలుగో వ్యక్తిని వదిలేసింది. శిక్ష పడింది లాంచరు తెప్పించడంలో, వాడటంలో పాత్ర ఉన్నవాళ్లకి. బటన్ నొక్కిన మనిషి మీద ఇప్పటికీ కేసు లేదు. 2025లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం రష్యాదే బాధ్యత అంది. రష్యా ఒప్పుకోలేదు. "కూల్చారు" అన్నప్పుడు ఆ "-రు"లో ఇంతమంది ఉన్నారు. "కూల్చివేయబడింది" అంటే ఒక్కరూ మిగలరు.

1988లో ఇరాన్ ఎయిర్ విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చి 290 మందిని చంపింది. 1996లో ఆ కుటుంబాలకి 6.18 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పుకున్నారు, చట్టపరంగా తప్పు మాత్రం ఒప్పుకోలేదు. డబ్బు ఇచ్చారు, క్రియకి కర్తగా నిలబడలేదు.

వ్యాఖ్య: ఇంకో చిక్కు. 1983లో కొరియా విమానాన్ని సోవియట్ యుద్ధవిమానం కూల్చింది, 269 మంది పోయారు. "కూల్చిన విమానం" అంటే ఆ రెండింటిలో ఏది?

జవాబు: భలే పట్టుకున్నారు. రెండూ అవుతాయి. అందుకే కర్తని ముందు పెట్టాలి: "సోవియట్ సైన్యం కూల్చిన విమానం." అప్పుడు ఇంకే అనుమానమూ ఉండదు.