అమృతం మళ్ళీ సినిమాగా తీస్తే ఆంజనేయులు ఎవరు? అసలు తీయాలా?

డాల్ఫిన్ ముక్కు:
నిన్న రాత్రి ఆర్కే బీచ్‌లో ముంత మసాలా తింటూ నలుగురం కొట్టుకున్నంత పనైంది. ఆ గొడవే ఇక్కడ పెడుతున్నాను. 'అమృతం' సీరియల్‌ని ఈ కాలానికి తగ్గట్టు కొత్తగా సినిమా తీయాలా, వద్దా? తెలియని పిల్లలుంటే రెండు ముక్కల్లో చెప్తాను. 2001 నవంబరు 18 నుంచి 2007 నవంబరు 18 దాకా జెమినీ టీవీలో వారం వారం వచ్చింది, మొత్తం 313 ఎపిసోడ్లు, గుణ్ణం గంగరాజు గారి సృష్టి. అమృతం, ఆంజనేయులు అని ఇద్దరు స్నేహితులు, వాళ్ళ అమృత విలాస్ హోటలు, అందులో పనిచేసే సర్వం, నెత్తిమీద ఇంటి ఓనరు అప్పాజీ. అంతే సరుకు.

నేనైతే తీయాలంటాను. కాకపోతే హైదరాబాదులో కాదు, మన వైజాగ్‌లో. జగదాంబ సెంటర్ వెనక ఏ సందులోనో హోటలు, మేడమీద అప్పాజీ. ఓడ దిగే విదేశీ నావికులకి స్పెషల్ భోజనం అని అమృతం బోర్డు రాయిస్తాడు, రెండొందల విస్తళ్ళు తెప్పిస్తాడు, ఓడ ఏమో బయట లంగరేసుకుని కూర్చుంటుంది. ఆ విస్తళ్ళు ఆంజనేయులు నెత్తిమీద. చెప్పండి, ఇది చాలదా?

అల్లిపురం అడ్డం:
చాలదు. ఓసారి చేతులు కాలాయి, ఆ బొబ్బలు ఇంకా మానలేదు. 2014 మేలో 'చందమామలో అమృతం' వచ్చింది, మర్చిపోయారా? ఎవరో బయటివాళ్ళు తీసి పాడుచేశారనడానికి కూడా లేదు, గంగరాజు గారే తీశారు. అవసరాల శ్రీనివాస్ అమృతం, హరీష్ ఆంజనేయులు. అప్పాజీగా శివన్నారాయణ, సర్వంగా వాసు ఇంటూరి పాతవాళ్ళే. అయినా నాకు ఎక్కలేదు. ఎందుకు ఎక్కలేదో పదేళ్ళుగా ఆలోచిస్తున్నాను (వేరే పనేం లేదా అని మా ఆవిడ అడుగుతూనే ఉంటుంది). వాళ్ళని హోటలు పెట్టడానికి చంద్రుడి మీదకి పంపించారు, అదీ నా ఏడుపు. సినిమా అనగానే పెద్దది ఏదో కావాలి అనుకుంటారు. ఈ కథకి కావాల్సింది చిన్న గది, చాలని డబ్బులు, పక్కవాటా గోడ. అంతరిక్షంలో పక్కవాటా ఎక్కడ్నుంచి వస్తుంది?

డాల్ఫిన్ ముక్కు:
అందుకేగా అన్నా జగదాంబ సెంటర్ అంటున్నది. నేనేం చంద్రుడి మీదకి పొమ్మనలేదు.

అల్లిపురం అడ్డం:
ఇవాళ జగదాంబ అంటావు, నిర్మాత దొరికాక క్లైమాక్స్‌లో సబ్‌మెరైన్ పెడతావు. మ్యూజియం దగ్గరే ఉంది కదా అని.

పెసరట్టు మాస్టర్:
నేను అక్కయ్యపాలెంలో టిఫిన్ సెంటర్ నడుపుతాను, అందుకని హోటలు సంగతి నన్ను మాట్లాడనివ్వండి. అమృతంలో నాకు నచ్చింది జోకులు కాదు, ఆ హోటల్లో జనం ఉండరు చూడండి, అది. ఖాళీ బల్లలు చూస్తూ కౌంటర్ వెనక కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ పని చేసినవాడికే తెలుస్తుంది. ఇప్పుడు ఈ సినిమా తీస్తే కొత్త సరుకు బోలెడంత ఉంది బాబూ. మా కౌంటర్ మీద ఆర్డర్ల కోసం ఒక ట్యాబ్ ఉంటుంది, అది ఎప్పుడు మోగుతుందో దేవుడికి తెలియాలి. మోగిందంటే ఆర్డరు ఒప్పుకునేదాకా ఊరుకోదు. మొన్న పొద్దున్న చేతినిండా పిండి, పెనం మీద మూడు అట్లు, అల్లం పచ్చడి అడుగంటుతోంది, ఆ దరిద్రం మోగుతోంది. మోచేత్తో నొక్కాను. ఏం నొక్కానో తెలీదు, షాపు ఆ పూటకి మూసేసినట్టు చూపించేసింది. పదకొండింటికి కానీ నాకు తెలియలేదు, ఈరోజు ఆర్డర్లు రాలేదేంట్రా అని నేనూ మా కుర్రాడూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నాం. అమృతం అంటే అదే కదా? నా మోచెయ్యే అమృతం.

ఇంకోటి, అద్దె ఇవ్వలేదని అప్పాజీ ఆన్‌లైన్‌లో ఒక్క స్టార్ రివ్యూ రాస్తాడు. అద్దె ఇస్తే ఐదు చేస్తానంటాడు. ఈ ఐడియా ఎవరైనా వాడుకుంటే నాకు పేరు వేయండి చాలు, డబ్బులొద్దు.

డాల్ఫిన్ ముక్కు:
మాస్టారూ, మీరే రాసేయండి సినిమా!

రంగస్థలం బాబాయ్:
మాస్టర్ గారి మోచెయ్యి బాగుంది. కానీ అది పది నిమిషాల సరుకు, రెండుగంటలది కాదు. నలభై ఏళ్ళుగా నాటకాలాడుతున్నవాణ్ణి, కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిక పట్టండి. సీరియల్లో అమృతం ప్రతివారం ఒక దురాశ పడతాడు, ఆంజనేయులు వద్దంటూనే అందులో దిగుతాడు, ఇద్దరూ బోర్లా పడతారు, మళ్ళీ ఆదివారానికి ఏమీ జరగనట్టే అదే కౌంటర్ వెనక ఉంటారు. అసలు కిటుకు అక్కడుంది. వాడికి పోయినవారం దెబ్బ గుర్తుండదు, మనకి ఉంటుంది. అందుకే కొత్త ఐడియా అని వాడు నోరు తెరవకముందే మనకి నవ్వొస్తుంది. సినిమాలో అలా కుదరదు. చివరికి వాడు మారాలి, హోటలు బాగుపడాలి, భార్య మెచ్చుకోవాలి, వెనకాల వయొలిన్లు. అమృతం మారాడంటే ఇక అమృతం ఎక్కడున్నాడు? అందుకే రీమేక్ అనగానే నాకు భయం. ఎవరు వేస్తారన్నది తర్వాత సంగతి.

సీతమ్మధార చిన్నది:
బాబాయ్ గారూ, మరి హిందీలో 'ఖిచిడీ' సీరియల్ని 2010లో సినిమా చేశారు కదా, మళ్ళీ 2023లో ఇంకోటి. అందులో ఎవరూ మారరు, చివరిదాకా అంతే తింగరిగా ఉంటారు. కుదరదని ఎలా అంటారు?

రంగస్థలం బాబాయ్:
అమ్మాయీ, మంచి మాట అన్నావు. కానీ అక్కడ ముఖ్యమైన మొహాలన్నీ దాదాపు పాతవే, ఆ కుటుంబమే థియేటర్‌కి వచ్చినట్టుంటుంది. ఇక్కడ ఆ అవకాశం పోయింది. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు.

అల్లిపురం అడ్డం:
అదీ నేను చెప్పబోయేది. చూడండి, అమృతం పాత్ర సీరియల్లోనే ముగ్గురు వేశారు. శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్. మనం కిక్కురుమనలేదు. అమృతం భార్య సంజు పాత్రలో కూడా మనుషులు మారారు. కానీ ఆరేళ్ళూ ఆంజనేయులు ఒక్కడే. అంటే ఆ హోటలుకి పేరు అమృతందే గానీ దూలం మాత్రం ఆంజనేయులు. పైనున్న రేకు ఎన్నిసార్లైనా మార్చు, దూలం తీస్తే కూలుతుంది. 2014లో సరిగ్గా అదే జరిగింది.

సీతమ్మధార చిన్నది:
నేను పుట్టేసరికి సీరియల్ సగం అయిపోయిందండీ, నాకు తెలిసిందంతా యూట్యూబ్‌లో చూసిందే. నా దృష్టిలో అమృతం అంటే హర్షవర్ధన్ గారు, అంతే. మొదటి ఎపిసోడ్లలో వేరే ఆయన కనిపిస్తే ఇది ఇంకో సీరియల్ అనుకుని మార్చేశాను. కాబట్టి 'కిక్కురుమనలేదు' అన్నది మీ తరం మాట, వారం వారం ఎదురుచూసినవాళ్ళు సర్దుకున్నారు. మేం సర్దుకోం, వేలితో తోసేస్తాం. అందుకే మొత్తం కొత్తవాళ్ళతో తీసినా మాకు పెద్ద బాధేం ఉండదు. ఒక్కటే అడుగుతాను, సంజుని, ఆంజనేయులు భార్య శాంతని ఈసారైనా కౌంటర్ దగ్గర కూర్చోబెట్టండి. ఆ ఇద్దరు మగాళ్ళ చేతికి గల్లాపెట్టె ఇచ్చినన్నాళ్ళు ఆ హోటలు బాగుపడదు.

పెసరట్టు మాస్టర్:
మా ఇంట్లో గల్లాపెట్టె మా ఆవిడ దగ్గరే ఉంటుంది తల్లీ. అందుకే ఇంకా తెరిచి ఉంది.

డాల్ఫిన్ ముక్కు:
అందరూ ఆంజనేయులు పోయాడంటున్నారు గానీ 2020లో 'అమృతం ద్వితీయం' వచ్చింది కదా జీ5లో, ఉగాది రోజున. హర్షవర్ధన్ గారే అమృతం, ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు. ఆయన కామెడీకి వంకేం పెడతారు? అంటే ఇంకొకరు వేయొచ్చనేగా?

అల్లిపురం అడ్డం:
ఎల్బీ శ్రీరామ్ గారికి వంక పెట్టేవాణ్ణి నేను కాదు. కానీ ఆయన మాట ఒక సుడి, తిరుగుతూ తిరుగుతూ పైకి లేస్తుంది. హనుమంతరావు గారిది అలా కాదు. అమృతం ఐడియా చెప్తుంటే ఆయన ముందు ఒప్పుకోడు, తర్వాత ఒక క్షణం ఆగుతాడు, కళ్ళు పక్కకి వెళ్తాయి, లెక్క వేసుకుంటున్నాడని తెలుస్తుంది. ఆ తర్వాత ఒప్పుకుంటాడు. ఆ ఆగడం కోసమే నేను ఆదివారం టీవీ ముందు కూర్చునేవాణ్ణి.

పెసరట్టు మాస్టర్:
ద్వితీయం నేనూ చూశాను. లాక్‌డౌన్‌లో హోటలుకి తాళం వేసుకుని ఇంట్లో కూర్చున్నవాడు నడవని హోటలు మీద కామెడీ చూస్తే బాగుందో లేదో ఏం చెప్పగలడు? నా ఓటు లెక్కలోకి తీసుకోకండి.

రంగస్థలం బాబాయ్:
నాకొకటి తోస్తోంది. తీయాలనే ఉంటే ఒకే ఒక్క రోజు తీయండి. తెల్లవారుజామున నాలుగింటికి పిండి గ్రైండర్ మొదలు, రాత్రి షట్టర్ దించేదాకా. అద్దెకి ఆఖరి రోజు. పొద్దున్న ఎంత బాకీ ఉందో రాత్రికి దానికంటే ఎక్కువ బాకీ ఉండాలి. ఎవడూ మారకూడదు, ఎవడూ పాఠం నేర్చుకోకూడదు. మళ్ళీ పొద్దున్న అదే గ్రైండర్ చప్పుడుతో అయిపోవాలి. టైటిల్ పాట మాత్రం సిరివెన్నెల గారు రాసిందే, కల్యాణి మాలిక్ బాణీలోనే ఉండాలి. రీమిక్స్ అన్నవాణ్ణి నేనే బయటికి పంపిస్తాను.

అల్లిపురం అడ్డం:
దీనికి థియేటర్‌లో టికెట్ కొని ఎవడొస్తాడు బాబాయ్? మా వాళ్ళు ఇరవై నిమిషాలు ఫైట్ లేకపోతే ఫోన్ తీస్తారు.

రంగస్థలం బాబాయ్:
నువ్వొస్తావు. తిట్టడానికైనా వస్తావు.

ఉక్కునగరం తాతగారు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైర్ అయ్యాను. నాకు ఆదివారం బి షిఫ్టు పడితే అమృతం పోయినట్టే, రాత్రి పదింటికి కానీ వదలరు. ఇంటికొచ్చి స్నానం చేసి కంచం ముందు కూర్చుంటే మా ఆవిడ వడ్డిస్తూ ఆ రోజు ఎపిసోడ్ మొత్తం చెప్పేది. ఊరికే చెప్పడం కాదు, చేసేది. అప్పాజీ అయితే గరిటె నడుముకి ఆనించి, పమిట చెంగు భుజం మీద కండువాలా వేసుకుని తలుపు దగ్గర నిలబడేది. సర్వం మాట వస్తే గొంతు చిన్నది చేసేది. నాకు పప్పు ఎప్పుడు వడ్డించిందో, చారు ఎప్పుడు పోసిందో తెలిసేది కాదు. తర్వాత యూట్యూబ్‌లో అవే ఎపిసోడ్లు చూశాను. బాగానే ఉన్నాయి, కానీ కొన్నిచోట్ల మా ఆవిడ చేసిందే బాగుందనిపించింది. ఆవిడ కొన్ని సొంతంగా కలిపేసిందని కూడా అప్పుడే తెలిసింది. ఒక ఎపిసోడ్‌లో అప్పాజీ మా క్వార్టర్స్ మెయింటెనెన్స్ వాళ్ళని తిట్టినట్టు నాకు బాగా గుర్తు. అలాంటిది అసలు లేనే లేదు.

ఇంతకీ నేను తీయొద్దనీ అనను, తీయమనీ అనను. మా ఇంట్లో ఆరేళ్ళు తీశారు.

డాల్ఫిన్ ముక్కు:
తాతగారూ, ఈ మాటతో నా వాదన అంతా గాలికి పోయింది. అమ్మమ్మగారిని అడిగి ఒక్క ఎపిసోడ్ ఇక్కడ రాయించండి, మెయింటెనెన్స్ వాళ్ళదే.

ఉక్కునగరం తాతగారు:
పక్కనే ఉంది, చదివి వినిపించాను. అప్పాజీ గొంతు రాస్తే రాదంటోంది. పైగా గరిటె పట్టుకుంటే కానీ గుర్తుకు రాదట.

పెసరట్టు మాస్టర్:
అయితే వాయిస్ మెసేజ్ పెట్టించండి మామయ్యగారూ. గరిటె నేను పంపిస్తాను.