"ఫీట్కారంబునం దూలగన్": ఈ ఫీట్కారం ఈలేనా?

వలసపక్షి:
అమెరికా వాడెవిల్ మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. గారడీ, ఇంద్రజాలం, కుక్కలతో ఆటలు, జంట హాస్యం, పాట అన్నీ ఒకే టికెట్టు మీద చూపించిన ప్రదర్శనలు అవి. బోస్టన్‌లో బి.ఎఫ్. కీత్ 1885 నుంచి వీటిని పొద్దుటి నుంచి రాత్రిదాకా తెరపి లేకుండా ఆడించాడు. కుటుంబాలు వచ్చి కూర్చోవాలని ఆయన పట్టుదల. కాళ్ళతో నేల తన్నొద్దు, చేతికర్రలతో బాదొద్దు, మెప్పుకోలుకి చప్పట్లు చాలు అని ప్రేక్షకులకి అచ్చు వేసిన చీటీలు ఇచ్చేవాళ్ళు. ఆ చీటీని తెలుగు చేస్తుంటే ఒక పద్యం తోక పట్టుకుంది. "...కుమారకులు ఫీట్కారంబునం దూలగన్". రెండు రోజులైంది, తల దొరకడం లేదు. ఫీట్కారం అంటే ఈలేనా? అలాగే, వాడెవిల్‌కి సరిపోయే తెలుగు మాట ఉందా?

తెనాలి మాస్టారు:
క్రీడాభిరామం కదండీ, ఇద్దరు మిత్రులు ఓరుగల్లు తిరిగి చూసే పాత తెలుగు రూపకం! అందులో "ద్రుతతాళంబున" అని ఎత్తుకునే మత్తేభ వృత్తం ఇది. ఓరుగల్లులో ఒకావిడ వాద్యం వాయిస్తూ పల్నాటి వీరుల కథ పాడుతుంది. "ద్విపదప్రబంధమున వీరానీకముం బాడె నొక్కత". ఆ మిత్రులు మంచనశర్మ, టిట్టిభసెట్టి నిలబడి చూస్తారు. ఫీట్కారం ఈలే. నేల టికెట్టు కుర్రాళ్ళు అప్పుడూ ఉన్నారు. మీ చీటీకి బాగా అతుకుతుంది.

ఛందోమిత్ర:
ఈల అని అంత సులువుగా తేల్చేయకండి మాస్టారూ. మా గురువుగారు ఇక్కడ "సీత్కారంబునం" అని చదివేవారు. గణాలు చూడండి. నాలుగో పాదం "క్కత" దగ్గర మొదలవుతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కలవాల్సిన చోటు, పద్నాలుగో అక్షరం మీద, అంటే "ట్కా" మీద పడుతుంది. కాబట్టి ఆ కకారాన్ని ఎవరూ కదపలేరు. దాని ముందున్న గురువు, అంటే బరువైన అక్షరం, సంగతి వేరు. ఫీ, సీ, ఫూ ఏది పెట్టినా అక్కడి మగణం (మూడు గురువుల గణం) చెడదు. ఛందస్సు మనకి కాపలా కాయని చోటు అదొక్కటే.

హనుమకొండ అక్క:
ఛందస్సు కాయకపోతే చెవి కాస్తుంది. మొదటి పాదం పైకి చదవండి. "ధుంధుంధుంకిటాత్కార" అని ఉంది. వాద్యం "కిట" అంటే కవి కిటాత్కారం చేశాడు. అదే పద్ధతిలో నోరు "ఫీట్" అంటే ఫీట్కారం. పైన వాద్యం, కింద నోరు, రెండూ "ట్కార"లోకే వచ్చి ఆగుతాయి. సీత్కారం శృంగారంలోనో నొప్పిలోనో వచ్చేది. వీరగాథ దగ్గర దానికేం పని?

ఛందోమిత్ర:
అక్కా, "కిటాత్కార"లో ఉన్నది తకారం, టకారం కాదు. మీ ప్రాస అక్కడే జారింది.

హనుమకొండ అక్క:
ఆ తకారానికి ముందే "టా" ఉంది తమ్ముడూ. చెవికి అందేది అదే.

పల్నాటి బిడ్డ:
మీరంతా ఫీ దగ్గరే ఆగిపోయారు. నాకు "తూలగన్" ముఖ్యం. ఈల వేసేవాడు తూలడు. నోట్లో వేళ్ళు పెట్టి, మెడ బిగించి, నిటారుగా నిలబడి వేస్తాడు. ఇది పూనకం. కారెంపూడిలో కార్తికంలో వీరుల ఉత్సవాలకి ఒకసారి వచ్చి చూడండి. వీరవిద్యావంతులు, అంటే వీరుల కథ పాడేవాళ్ళు, పాట అందుకున్నాక కొణతం (వీరుల ఆయుధం) పట్టుకున్న మనిషి మొదట మడమల మీద ఊగుతాడు. తర్వాత పళ్ళు బిగించి వాటి సందులోంచి గాలి వదులుతాడు. ఆ చప్పుడు ఈలా కాదు, అరుపూ కాదు. నేను పక్కనే నిలబడి విన్నాను, ఒళ్ళు జలదరించింది. "ప్రత్యక్షరమున్" అని ఎందుకన్నాడు? అక్షరం అక్షరానికీ ఈల వేస్తే ఇక పాట ఎవరికి వినపడుతుంది?

తెనాలి మాస్టారు:
బాగా చెప్పావు నాయనా, సగం ఒప్పుకుంటున్నాను. అయినా పల్నాటి కథని ద్విపదలో రాసింది శ్రీనాథుడే కదా. ఈ క్రీడాభిరామమూ ఆయనదే అనుకుంటే, తన ద్విపదనే వీధిలో ఎవరో పాడుతుంటే విన్న కవి రాసిన పద్యమవుతుంది. తన మాటకి కుర్రాళ్ళు ఊగడం కళ్ళారా చూశాడన్నమాట. శ్రీనాథుడు తప్ప ఇంకెవరు రాయగలరు?

ఛందోమిత్ర:
వేటూరి ప్రభాకరశాస్త్రి గారు శ్రీనాథుడిదే అన్నారని తెలుసు. కానీ రూపకం మొదట్లో వచ్చే ప్రస్తావనలో ఉన్నది వినుకొండ వల్లభరాయడి పేరు. పైగా కథ జరిగేది కాకతీయుల ఓరుగల్లులో. శ్రీనాథుడి ద్విపద అప్పటికి పుట్టనే లేదు.

తెనాలి మాస్టారు:
కథాకాలం వేరు, కవికాలం వేరు. శైలి చూడవయ్యా. ఆ సంస్కృత సమాసం బిగువు, ఆ వెంటనే "నొక్కత" అని తేల్చేసిన తెలుగు. ఈ చెయ్యి నాకు తెలుసు.

హనుమకొండ అక్క:
వలసపక్షి గారి రెండో ప్రశ్న వదిలేశారు. నేనైతే వాడెవిల్‌ని "వీథి" అంటాను. సంస్కృత నాటకశాస్త్రం చెప్పే పది రూపకాల్లో వీథి ఒకటి, క్రీడాభిరామం ఆ జాతి రూపకమే. అందులో ఏముందో చూడండి. కోడిపందెం, పొట్టేళ్ళ పోరు, పాములవాడు, పరశురాముడి కథ పాడే బవనీల చక్రవర్తి, నిప్పుల గుండాలు చొచ్చే మైలారు దేవుడి భటులు. మీ కీత్ గారి బోర్డు మీద ఇంతకంటే ఎక్కువ అంశాలున్నాయా? ఫ్రెంచిలో ఆ మాట "వ్వా ద విల్" నుంచి, అంటే ఊరి గొంతు నుంచి వచ్చిందని చదివాను. వీథి దానికి సరిజోడు.

వలసపక్షి:
అక్కా, నార్మండీలో వీర్ నది లోయ పేరు "వో ద వీర్" నుంచి వచ్చిందనే వాదమూ బలంగా ఉంది. ఆ లోయ పాటలు ఒలివియే బాస్లాఁ పేరు మీద ప్రచారంలోకి వచ్చాయి. అక్కడా జగడం మొదటి అక్షరం మీదే. ఇక "వీథి" అని రాస్తే మనవాళ్ళు రోడ్డు అనుకుంటారేమోనని నా టెన్షన్. కీత్ చేసిందేమో వీధిలోని ఆటని గోడల మధ్యకి తీసుకెళ్ళడం.

తెనాలి మాస్టారు:
ఈల మాట వచ్చింది కనక చెప్పాలి. ఈలపాట రఘురామయ్య గారు కృష్ణుడి వేషంలో వేలు నోట్లో పెట్టుకుని ఈలతోనే రాగం నడిపేవారు. అక్కడ ఈల వేసింది ప్రేక్షకుడు కాదు, నటుడే. మరి ఈ పద్యంలో కుమారకులు కూడా వంతపాటగాళ్ళే ఎందుకు కాకూడదు?

పల్నాటి బిడ్డ:
మాస్టారూ, అలాగైతే "తూలగన్" మళ్ళీ మొదటికొస్తుంది. వంత పాడేవాడు తూలితే తాళం ఏమైపోతుంది, అదీ ద్రుతతాళం!

ఛందోమిత్ర:
ఇదంతా తేలే లోపు ఒక మాట. మొదటి పాదంలో "వీరగుంభితక"నా, "వీరగుంఫితక"నా? ఎవరి దగ్గర పాత అచ్చు ఉందో ఆ పేజీ ఫొటో తీసి పెట్టండి.