తడిబండ మీద ఊదారంగు చుక్కలు: ఇది ఏ పువ్వు?

పోయిన ఆదివారం అరకు దారిలో, అనంతగిరి కాఫీ తోటలు దాటాక, నీరూరుతున్న రాతిబండ మీద కనిపించింది. నిలబడి చూస్తే నాచులో ఊదారంగు చుక్కలు, అంతే. మోకాళ్ల మీద కూర్చుంటే గాని పువ్వని తెలియలేదు. కాడ దారమంత సన్నం, వేలెడు పొడవు. పువ్వు కందిగింజంత, రెండు పెదవులు, కింది పెదవి వెనుక కొక్కెంలా వంగిన తోక. ఆకులు ఎంత వెతికినా దొరకలేదు.

పక్కనే ఎర్రని జిగురాకులతో పురుగులను పట్టే డ్రోసెరా మొక్క ఉంది. అందుకే ఇదీ పురుగులను పట్టే యుట్రిక్యులేరియా అయి ఉంటుందని నా ఊహ. పురుగులను పట్టే తిత్తులు తడిమట్టిలో ఉంటాయి కనుక పీకితేనే తెలుస్తుంది; అందుకు మనసొప్పలేదు.

పీకకుండా జాతి తేల్చాలంటే ఫొటోలో ఏ భాగం స్పష్టంగా రావాలి? ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాను. అక్కడివారు దీన్ని ఏ పేరుతో పిలుస్తారో తెలిస్తే అదీ చెప్పండి.