ఇంగ్లండ్ పాత బంగళాలని సినిమా షూటింగులకి ఇవ్వడం అవసరమా?

పాతగోడలు:
సాల్ట్‌బర్న్ సినిమా తీసిన డ్రేటన్ హౌస్ గురించి చదివినప్పటి నుంచి మనసులో తిరుగుతోంది, అందుకే అడుగుతున్నా. నార్తాంప్టన్‌షైర్‌లో ఉంది, 14వ శతాబ్దం నాటి గోడలు, ఇప్పటికీ ఓ కుటుంబం సొంత ఇల్లు. 2023లో సినిమా రావడం ఆలస్యం, ఎస్టేట్ మీదుగా పోయే కాలిబాట పట్టుకుని జనం వచ్చి సెల్ఫీలు, డాన్సు వీడియోలు మొదలుపెట్టారు. కొందరు బాట దాటి లోపలికి కూడా వెళ్లారట, కాపలా తిరగాల్సిన పరిస్థితి. ఇదంతా దేనికి? సెట్ వేసుకుంటే పోయేది కదా. ఒక్కడు సినిమా కోసం మనవాళ్లు చార్మినార్‌నే వేశారు.

సినిమాపిచ్చి:
సెట్ డబ్బులు మీరిస్తారా బాస్? 😀 హైక్లియర్ కాసిల్ చూడండి. 2009లో రిపేర్లకి దాదాపు 1.2 కోట్ల పౌండ్లు కావాలని లెక్క తేలింది, చాలా గదులు వాడలేని స్థితి. మరుసటి ఏడాదే అక్కడ తీసిన డౌన్‌టన్ యాబీ సీరియల్ టీవీలో వచ్చింది, టికెట్ కొని చూసే జనం ఎగబడ్డారు, ఆ డబ్బుతోనే బురుజుల పని మొదలుపెట్టగలిగారు. మీరన్న సెట్ కూడా వేశారు లెండి, వంటిల్లు, పనివాళ్ల గదులు ఈలింగ్ స్టూడియోలో వేసినవే. పైన హాలు, లైబ్రరీ మాత్రం అసలువి.

గోదారోడు:
రిపేర్ల సంగతి సరే, అసలు కట్టింది ఎవరి డబ్బుతో? బాసిల్డన్ పార్క్ కట్టించిన ఫ్రాన్సిస్ సైక్స్ ఈస్టిండియా కంపెనీ మనిషి, ముర్షిదాబాద్ నవాబు దర్బారులో రెసిడెంటుగా (అంటే కంపెనీ ప్రతినిధిగా) ఉండి మూటగట్టుకొచ్చి 1776లో పని మొదలుపెట్టాడు. 2005 ప్రైడ్ అండ్ ప్రెజుడిస్‌లో ధనవంతుడు అద్దెకి దిగే ఇల్లు అదే. తెరమీద గౌన్లు, డాన్సులు, కొవ్వొత్తులు. బెంగాల్ ఊసే లేదు. ఇలా అందంగా చూపించి చూపించి జనాన్ని మరిపిస్తారు, నా బాధ అదీ.

రెడింగ్ తెలుగోడు:
నేను ఇలాంటి ఒక పాత ఇంట్లో వాలంటీరుగా గదుల్లో నిలబడతాను (పేరు వద్దు), షూటింగులు దగ్గర నుంచి చూశాను కాబట్టి కాస్త పెద్దగానే రాస్తున్నా, ఓపిక పట్టండి.

అందరూ భయపడేది లైట్లు, కెమెరాలు ఇల్లు పాడుచేస్తాయని. జాగ్రత్తగా చూసుకునే చోట అంత సులువు కాదండీ. ముందు నేలంతా అట్టలు పరుస్తారు. లైటు స్టాండ్ల కాళ్లకి టెన్నిస్ బంతులు కోసి తొడుగుతారు, చెక్క నేల గీరుకోకుండా. నిజం కొవ్వొత్తి వెలిగిస్తామంటే ఒప్పుకోరు, మైనం చుక్క పట్టు గుడ్డ మీద పడితే అంతే సంగతులు. పాత పట్టు పరదాల మీద వెలుతురు మామూలుగా 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, అందుకని పెద్ద లైట్లు బయట క్రేన్ మీద పెట్టి కిటికీలోంచి ఎండలా కొడతారు, అదీ గంటలు లెక్కపెట్టి. ఒక కుర్చీ జరపాలన్నా మావాళ్లే జరపాలి. డైరెక్టరుకి చిరాకు వస్తుంది, రానీ.

గోదారోడు గారూ, మీరన్న బాసిల్డన్ మాకు దగ్గరే, దాని సంగతి ఇంకొంచెం ఉంది. దాన్ని ముక్కలు చేసింది సినిమావాళ్లు కాదు. 20వ శతాబ్దం మొదట్లో ఖాళీగా పడి ఉన్న కాలంలో గోడల నగిషీలు, తలుపులు ఊడదీసి అమ్మేశారు, కొన్ని న్యూయార్క్ వాల్డార్ఫ్ ఆస్టోరియా హోటల్‌కి చేరాయి. రెండు యుద్ధాల్లోనూ సైన్యం వాడుకుంది. 1950ల్లో కొన్న దంపతులు, కూల్చేస్తున్న ఇంకో ఇంటి నుంచి తలుపులు, పొయ్యి చట్రాలు తెచ్చి బిగించి బతికించారు, 1978లో పాత ఇళ్లు కాపాడే సంస్థ నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. పోయిన శతాబ్దంలో ఇంగ్లండ్‌లో వెయ్యికి పైగా పెద్ద ఇళ్లు ఇలాగే నేలమట్టమయ్యాయి. ఖాళీగా ఉండటం కన్నా షూటింగ్ నయం అంటాను.

కానీ పాతగోడలు గారి పాయింటు కొట్టిపారేయలేను. షూటింగ్ కొన్ని వారాల్లో అయిపోతుంది, తర్వాత జనం ఏళ్ల తరబడి వస్తూనే ఉంటారు. జనానికి తెరిచి ఉన్న లైమ్ పార్క్, చాట్స్‌వర్త్ లాంటి పాత ఇళ్ల దగ్గర కార్ పార్కింగ్, టికెట్ కౌంటర్, బాత్రూములు ముందే ఉన్నాయి, వచ్చినవాళ్లు డబ్బిచ్చి వెళ్తారు. ఆ ఏర్పాట్లేమీ లేని సొంత ఇంటికి రూపాయి మిగలదు, తలనొప్పి మిగులుతుంది. ఇల్లు ఎక్కడుందో చెప్పం అని ఒప్పందం రాసుకుంటే సరిపోతుందనుకోవడం ఈ ఫోన్ల కాలంలో ఉత్త అమాయకత్వం. అందుకని జనానికి తెరిచి ఉన్న ఇళ్లే ఇవ్వాలి, మిగతావాళ్లు ఎంత డబ్బిచ్చినా ఒప్పుకోకూడదు.

గోదారోడు:
మీరు చెప్పింది గోడల సంగతి, నేనడిగింది వేరు. 2020లో నేషనల్ ట్రస్టే తన చేతిలో ఉన్న 93 చోట్లకి వలస పాలనతో, బానిసత్వంతో సంబంధం ఉందని నివేదిక ఇచ్చింది, దాని మీద అక్కడ ఎంత గోల జరిగిందో తెలుసుగా. షూటింగ్ ఫీజు తీసుకున్నప్పుడు సినిమా చివర్లో ఆ ఇంటి చరిత్ర ఒక్క లైను వేయమని అడగడానికేం?

సినిమాపిచ్చి:
ముందు మనవాళ్లని అడగండి సార్. కభీ ఖుషీ కభీ గమ్‌లో ఢిల్లీ కుటుంబం ఇల్లు అని చూపించింది వాడెస్‌డన్ మేనర్. బకింగ్‌హమ్‌షైర్‌లో రోత్‌షిల్డ్ అనే బ్యాంకర్ల కుటుంబం ఫ్రెంచి కోటలా కట్టుకున్న ఇల్లు. హెలికాప్టర్ దిగిన షారుఖ్‌ని చూస్తూ కూర్చున్నాం గానీ ఎవరడిగాం?

రెడింగ్ తెలుగోడు:
ఒక్క లైను ఐడియా బాగుంది. సినిమావాళ్లు ఫీజు తగ్గించమంటారేమో, తగ్గించినా పర్లేదు.

పాతగోడలు:
అంతా బాగుంది గానీ పక్క ఊరి వాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. ఫీజు ఇంటివాళ్లకి, పేరు సినిమాకి, ఇరుకు రోడ్ల మీద కార్లు వాళ్లకి. ఆ ఫీజులో ఊరికి ఏమన్నా వాటా ఇచ్చిన ఇల్లు ఒక్కటి ఉంటే చెప్పండి, అప్పుడు ఆలోచిస్తా.